అందరికీ ఒకే పరీక్ష, రోమా పిల్లలకు వేరే బడి

చెక్ రిపబ్లిక్‌లో పోలండ్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒస్ట్రావా, బొగ్గు గనులతో, ఉక్కు కర్మాగారాలతో పెరిగిన నగరం. 1996 నుంచి 1999 వరకు అక్కడ ఐరోపాలోని అల్పసంఖ్యాక రోమా జాతికి చెందిన 18 మంది పిల్లలను మేధో వైకల్యం ఉన్నవారి కోసం నెలకొల్పిన ప్రత్యేక పాఠశాలల్లో చేర్చారు. వారిలో కొందరు మొదటి రోజు నుంచే అక్కడ చదివారు, మరికొందరిని మామూలు పాఠశాలలో కొంతకాలం ఉంచి తర్వాత పంపించారు. రోమా పిల్లలను అక్కడ చేర్చాలని ఏ చట్టంలోనూ లేదు. మనస్తత్వ నిపుణులు పరీక్ష పెట్టారు, ప్రధానోపాధ్యాయులు నిర్ణయం తీసుకున్నారు, తల్లిదండ్రులు సంతకం చేశారు. ఒక్కొక్క పిల్లవాడి కాగితాలు విడిగా తీసి చూస్తే అంతా పద్ధతి ప్రకారమే జరిగినట్టు కనిపిస్తుంది.

కాగితాలన్నీ కలిపి చూసినప్పుడే అసలు విషయం బయటపడింది. అప్పట్లో బుడాపెస్ట్ కేంద్రంగా పనిచేసిన యూరోపియన్ రోమా హక్కుల కేంద్రం 1999లో ఆ నగరంలోని 8 ప్రత్యేక పాఠశాలల, 69 ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులను అడిగి లెక్క తీసింది. ప్రత్యేక పాఠశాలల్లో మొత్తం 1,360 మంది ఉంటే వారిలో 762 మంది, అంటే 56 శాతం, రోమా పిల్లలు. మామూలు ప్రాథమిక పాఠశాలల్లోని 33,372 మందిలో రోమా పిల్లలు 2.26 శాతమే. ఇంకోవైపు నుంచి చూస్తే, నగరంలోని రోమాయేతర పిల్లల్లో ప్రత్యేక పాఠశాలకు వెళ్లినవారు 1.8 శాతం, రోమా పిల్లల్లో 50.3 శాతం. మామూలు బడికి కాక ప్రత్యేక బడికి చేరే అవకాశం రోమా పిల్లలకు 27 రెట్లు ఎక్కువన్నమాట. ఒక జాతి పిల్లల్లో సగం మందికి మేధో వైకల్యం ఉందని తేల్చిన పరీక్షను ముందుగా అనుమానించాలి. ఆ అనుమానం న్యాయస్థానంలో నిలబడడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

రోమా ప్రజలను మనవాళ్లు చాలామంది జిప్సీలు అనే పేరుతో ఎరుగుదురు. వారు ఈజిప్టు నుంచి వచ్చారన్న పొరపాటు నమ్మకం నుంచి పుట్టిన మాట అది, వారిలో చాలామంది దాన్ని అవమానంగా భావిస్తారు. వారి పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట భారతదేశపు వాయవ్య ప్రాంతం నుంచి బయలుదేరి పశ్చిమంగా వెళ్లారని చెప్పడానికి వారి భాషే గట్టి ఆధారం. రోమానీలో నీటిని పాని అంటారు, ముక్కును నఖ్ అంటారు, నలుపును కాలో అంటారు, మనిషిని మనుష్ అంటారు. అంకెలు యేఖ్, దుయ్, త్రిన్ అని మొదలవుతాయి, కాని ఏడు, ఎనిమిది, తొమ్మిది దగ్గరకు వచ్చేసరికి ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా అని గ్రీకు మాటలు వినిపిస్తాయి, ఎందుకంటే గ్రీకు మాట్లాడే బైజాంటియన్ సామ్రాజ్యపు నేల మీద వారు చాలాకాలం ఆగారు. హైదరాబాదు ఉర్దూనో తండాల్లోని లంబాడీ భాషనో చెవిలో ఉన్న తెలుగువారికి ఈ మాటలు పరాయిగా తోచవు. నేడు ఐరోపాలో రోమా జనాభా కోటి నుంచి కోటి ఇరవై లక్షల దాకా ఉంటుందని అంచనా, అందులో సుమారు 60 లక్షల మంది యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఉన్నారు. ఆ ఖండంలోని అల్పసంఖ్యాక జాతుల్లో ఇదే అతి పెద్దది.

బడి అనగానే రోమా తల్లిదండ్రులకు కలిగే జంకు ఈనాటిది కాదు. నేటి రుమేనియాలో భాగాలైన వలాకియా, మోల్డావియా సంస్థానాల్లో రోమా ప్రజలు 1850ల మధ్య వరకు, శతాబ్దాల పాటు, బానిసలుగా కొనుగోలు, అమ్మకాలకు గురయ్యారు. మధ్య ఐరోపాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు రాణి మరియా థెరీసా 1773లో జారీ చేసిన ఆజ్ఞ ప్రకారం రోమా పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఇతరుల ఇళ్లలో పెంచి, వారి రోమా లక్షణాలు పోగొట్టాలి. నాజీ కాలంలో చెక్ ప్రాంతపు రోమా ప్రజలు దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. యుద్ధం తర్వాత ఒస్ట్రావా వంటి పారిశ్రామిక నగరాలకు స్లొవాకియా నుంచి వచ్చి స్థిరపడిన రోమా కుటుంబాల పిల్లలే తర్వాతి తరాల్లో ఆ నగరాల బడులకు వెళ్లారు. 1958లో చెకోస్లొవేకియా కమ్యూనిస్టు ప్రభుత్వం సంచార జీవనాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. పిల్లలతో రోమానీలో మాట్లాడవద్దని, చెక్ భాషలోనే మాట్లాడమని ఉపాధ్యాయులు తల్లిదండ్రులకు చెప్పేవారు. వారు ఆ మాట విన్నారు, తమకు వచ్చిన చెక్ భాషలోనే మాట్లాడారు. అది రోమానీ వాక్య నిర్మాణం మీద చెక్ మాటలు పేర్చిన భాషగా తయారై, పిల్లలకు అటు రోమానీ పూర్తిగా రాకుండా, ఇటు బడిలో అడిగే చెక్ అందకుండా మిగిలింది.

పరీక్ష జరిగింది బడిలో అడిగే ఆ చెక్ భాషలోనే. ఆరేళ్ల బిడ్డకు బొమ్మ చూపి పేరు అడుగుతారు, రెండు వస్తువుల మధ్య పోలిక చెప్పమంటారు, కత్తెర పట్టుకోమంటారు, రంగుల పెన్సిళ్లతో గీయమంటారు. ఇంట్లో పుస్తకం లేని, కిండర్‌గార్టెన్‌కు వెళ్లని, రంగు పెన్సిలు మొదటిసారి పరీక్ష గదిలోనే పట్టుకున్న పిల్ల అక్కడ తడబడుతుంది. ఆ తడబాటును స్వల్ప మేధో వైకల్యం అన్న గడిలో రాస్తారు. పరీక్షల ప్రమాణాలు మెజారిటీ చెక్ పిల్లల ఆధారంగా తయారైనవి, రోమా పిల్లల భాషను, పెంపకాన్ని లెక్కలోకి తీసుకున్నవి కావు. ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య ఉన్న దూరాన్ని పిల్లవాడి బుద్ధిలోని లోటుగా చదవడమే ఇందులోని మూల దోషం. ఆ దూరాన్ని దూరంగానే గుర్తించిన చోట పరిష్కారం వేరే రకంగా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, సవర, కువి, బంజారా తదితర ఎనిమిది భాషల్లో తొలి తరగతుల బోధన మొదలుపెట్టినప్పుడు దాని వెనుక ఉన్న అవగాహన సరిగ్గా ఇదే. ఆ కార్యక్రమం అమలు ఎంత బాగా సాగింది అన్నది వేరే ప్రశ్న.

తల్లిదండ్రులు ఎందుకు సంతకం చేశారు? ఈ ప్రశ్నను చెక్ ప్రభుత్వం న్యాయస్థానం ముందు పదేపదే ఎత్తింది. దానికి జవాబు ఆ కుటుంబాల రోజువారీ జీవితంలో ఉంది. ప్రత్యేక పాఠశాల ఇంటికి దగ్గర. అక్క, అన్న, చుట్టాల పిల్లలు అప్పటికే అక్కడ చదువుతున్నారు. మామూలు బడిలో తోటి పిల్లలు వెక్కిరిస్తారు, ఉపాధ్యాయుడు చివరి బెంచీలో కూర్చోబెడతాడు, ఇక్కడ ఆ బాధ లేదు. అప్పటికే నింపి ఉంచిన పత్రం ఒకటి ముందు పెట్టి, మీ బిడ్డకు ఇదే మేలు అని చదువుకున్న అధికారి చెబితే, తాను కూడా అదే బడిలో చదివిన తల్లి దాన్ని కాదనగలిగే స్థితిలో ఉండదు. ఆ సంతకం తర్వాత బిడ్డ జీవితం ఎటు తిరుగుతుందో ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు. ప్రత్యేక పాఠశాలలో పాఠ్యాంశాలు తక్కువ, స్థాయి తక్కువ. అక్కడ చదివినవారు మామూలు సెకండరీ పాఠశాలలకు దరఖాస్తు చేసుకునే వీలు 2000లో జరిగిన చట్ట సవరణ దాకా లేదు. ఆ తర్వాత వీలు ఏర్పడినా, ఏళ్ల తరబడి తక్కువ పాఠాలు చదివిన పిల్లవాడు ప్రవేశానికి కావలసిన జ్ఞానాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు?

ఆ 18 మంది కేసును చెక్ రాజ్యాంగ న్యాయస్థానం 1999లో తోసిపుచ్చింది. 2000లో వారు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. అక్కడ ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2006 ఫిబ్రవరి 7న ఆరుగురు ఒకవైపు, ఒకరు మరోవైపుగా, వివక్ష జరగలేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు తర్కాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేము: నియమాలు అందరికీ ఒకటే, పరీక్ష పెట్టింది అర్హులైన నిపుణులు, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, జాతిని బట్టి వేరుచేయాలన్న ఉద్దేశం ఎవరికీ ఉన్నట్టు రుజువు లేదు. వివక్ష అంటే ఎవరో ఒకరు ద్వేషంతో చేసే పని అని అనుకుంటే ఈ తర్కంలో తప్పు కనబడదు.

2007 నవంబర్ 13న 17 మంది న్యాయమూర్తుల పెద్ద ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసింది. 13 మంది ఒకవైపు, నలుగురు మరోవైపు. డి.హెచ్. తదితరులు వర్సెస్ చెక్ రిపబ్లిక్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ తీర్పు, బడిలో రోమా పిల్లల సమానత్వం గురించి ఐరోపాలో తర్వాత జరిగిన చర్చలన్నిటికీ ఆధారం. అందరికీ ఒకేలా వర్తించే నియమమైనా ఒక వర్గం మీద మాత్రమే మితిమీరిన భారం మోపుతున్నప్పుడు, దానికి తగిన సమర్థన లేకపోతే, అది పరోక్ష వివక్షే అవుతుందని, ఉద్దేశాన్ని రుజువు చేయవలసిన పని లేదని ధర్మాసనం చెప్పింది. గణాంకాలు నమ్మదగినవిగా ఉండి తేడా స్పష్టంగా కనిపిస్తే, ఆ తేడాకు జాతితో సంబంధం లేదని నిరూపించే బాధ్యత ప్రభుత్వం మీదికి మారుతుందని కూడా చెప్పింది. తల్లిదండ్రుల అంగీకారం సంగతికి వస్తే, వెనుకబాటులో ఉండి, తక్కువ చదువుకున్న ఆ తల్లిదండ్రులు పర్యవసానాలన్నీ బేరీజు వేసుకుని ఒప్పుకున్నారనుకోలేమంది. అంతటితో ఆగకుండా, జాతి వివక్షకు గురికాకుండా ఉండే హక్కును వదులుకుంటున్నామని ఎవరు సంతకం పెట్టినా అది చెల్లదని తేల్చింది. నా దృష్టిలో ఆ తీర్పులో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇదే, ఎందుకంటే పేదవారి అంగీకారాన్ని కవచంగా అడ్డం పెట్టుకునే పాలకులు ఒక్క ఐరోపాలోనే లేరు.

ఒక్కొక్కరికి 4,000 యూరోల పరిహారం దక్కింది. ఆ పిల్లలు 1985కూ 1991కీ మధ్య పుట్టినవారు. తీర్పు వచ్చేనాటికి అందరిలో చిన్నవారికి పదహారేళ్లు దాటే సమయం వచ్చింది. ఏ బడి కోసం పోరాడారో ఆ బడి వయసు వారికి గడిచిపోయింది.

ఈ కేసు గణాంకాల మీద నిలబడింది గనుక, గణాంకాల దగ్గరున్న చిక్కును కూడా అర్థం చేసుకోవాలి. చెక్ ప్రభుత్వం ఒస్ట్రావా లెక్కను తప్పుబట్టింది, జాతిని నమోదు చేసే అధికారిక వివరాలు లేవు కాబట్టి ప్రధానోపాధ్యాయులు అంచనాగా చెప్పిన సంఖ్యలను ఎలా నమ్ముతారంది. మరి అధికారిక వివరాలు ఎందుకు లేవు? యూరప్‌లో రోమా ప్రజల జాబితాలను పోలీసులు రాసిపెట్టుకున్న కాలం ఉంది, ఆ జాబితాలు నాజీల చేతుల్లో మృత్యు పత్రాలయ్యాయి. అందువల్ల జాతిని నమోదు చేయడమంటేనే ప్రభుత్వాలూ వెనుకాడతాయి, రోమా కుటుంబాలూ భయపడతాయి, జనగణనలో చాలామంది తమను రోమాగా చెప్పుకోరు. కాని లెక్కే లేకపోతే అన్యాయాన్ని చూపించే దారి కూడా మూసుకుపోతుంది. ఏ రక్షణ కోసం లెక్కించడం మానారో, ఆ రక్షణ చాటునే వివక్ష భద్రంగా దాగి ఉండగలదు. దీనికి మధ్యేమార్గంగా, వ్యక్తుల పేర్లు లేకుండా, పాఠశాల స్థాయిలో మాత్రమే అంచనాలు సేకరించే పద్ధతిని చెక్ విద్యా శాఖ తనిఖీ సంస్థ తర్వాతి కాలంలో అనుసరించింది. ఆ లెక్కల్లో కూడా స్వల్ప మేధో వైకల్యం ఉన్నవారిగా నమోదైనవారిలో రోమా పిల్లల వాటా వారి జనాభా నిష్పత్తికి అనేక రెట్లుగానే తేలింది. తీర్పుకు ముందే, 2004 విద్యా చట్టంతో, ప్రత్యేక పాఠశాల అన్న పేరు మాత్రం పోయింది. ఆ భవనాల్లోనే, ఆ ఉపాధ్యాయులతోనే అనేక చోట్ల ప్రాక్టికల్ పాఠశాల అన్న కొత్త పేరుతో అదే చదువు కొనసాగింది.

పరీక్ష ద్వారా వేరుచేయడం ఒక్క చెక్ దేశానికి పరిమితం కాదు. హంగేరీలో న్యిరెగిహాజా పట్టణానికి చెందిన ఇద్దరు రోమా యువకుల కేసులో స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం నుంచి 2013లో వచ్చిన తీర్పు చదివితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ మేధో వైకల్యానికి 70 ఐక్యూను హద్దుగా చూపుతుండగా, అక్కడి నిపుణుల సంఘం 86ను హద్దుగా పెట్టుకున్న సంగతి తెలుస్తుంది. కుటుంబపు సామాజిక వెనుకబాటునే ఒక రకం వైకల్యంగా లెక్కించే పదం కూడా అక్కడి వాడుకలో ఉండేది. పేదరికానికి వైద్య పరిభాషలో పేరు పెట్టడమే అది. ఆ తీర్పులో న్యాయస్థానం ఒక అడుగు ముందుకు వేసి, తరతరాలుగా సాగిన వేర్పాటు చరిత్ర ఉన్న చోట, వివక్ష చూపకుండా ఉంటే చాలదని, ఆ చరిత్రను సరిదిద్దే చర్యలు తీసుకునే బాధ్యత కూడా ప్రభుత్వానిదేనని చెప్పింది.

పరీక్ష లేని చోట్ల వేరే సాకులు పనిచేస్తాయి. క్రొయేషియాలోని మెజిమూర్యే ప్రాంతంలో ఒకే బడిలో రోమా పిల్లలకు వేరే తరగతులు పెట్టారు, కారణం వారికి క్రొయేషియన్ భాష రాదన్నారు. భాష నేర్పడానికే అయితే ముందు భాష ఎంత వచ్చో చూసే పరీక్ష ఉండాలి, భాష నేర్పే ప్రత్యేక పాఠాలు ఉండాలి, నేర్చుకున్నాక మామూలు తరగతికి మార్చే పద్ధతి ఉండాలి. వీటి ఏర్పాట్లు సరిగా లేవని 2010లో పెద్ద ధర్మాసనం తొమ్మిది మంది ఒకవైపు, ఎనిమిది మంది మరోవైపుగా చీలి తీర్పు ఇచ్చింది. ఆ చీలికే ఈ ప్రశ్న ఎంత జటిలమో చెబుతుంది, ఎందుకంటే భాష రాని పిల్లలకు కొంతకాలం విడిగా నేర్పడం దానంతట అది తప్పు కాదు. గ్రీసులో ఏథెన్స్ దగ్గరి అస్ప్రోపిర్గోస్‌లో సాకు కూడా అవసరం లేకపోయింది. 2005లో రోమా పిల్లలు బడికి వచ్చినప్పుడు మిగతా పిల్లల తల్లిదండ్రులు అడ్డుకున్నారు, పోలీసులు రావలసి వచ్చింది, చివరకు అధికారులు రోమా పిల్లలను బడి నుంచి తీసి విడిగా కట్టిన అనుబంధ గదుల్లోకి పంపారు. 2008లో గ్రీసు దోషిగా తేలింది, మళ్లీ 2012లో అదే ఊరి విషయంలో రెండోసారి తేలింది.

అల్బేనియాలోని కోర్చ పట్టణంలో జరిగింది మరింత ఆలోచింపజేస్తుంది. అక్కడి ఒక పాఠశాలలో రోమా పిల్లలకు, ఈజిప్షియన్లుగా పిలిచే మరో అల్పసంఖ్యాక వర్గం పిల్లలకు ఆహార సహాయం ఇచ్చే పథకం పెట్టారు. పథకం మంచి ఉద్దేశంతోనే మొదలైంది. కాని సహాయం ఆ ఒక్క బడిలోనే దొరుకుతుంది గనుక ఆ కుటుంబాలన్నీ తమ పిల్లలను అక్కడికే పంపాయి, మిగతావారు తమ పిల్లలను తీసుకుపోయారు, బడి దాదాపు పూర్తిగా ఆ వర్గాలదే అయింది. దాన్ని సకాలంలో సరిదిద్దనందుకు 2022లో న్యాయస్థానం అల్బేనియాను తప్పుపట్టింది. సహాయాన్ని బడికి కాక పిల్లలకు కట్టి, పట్టణంలోని ఏ బడికి వెళ్లినా అందేలా చేసి ఉంటే ఈ స్థితి వచ్చేది కాదు.

అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైన రూపం నివాసం, ఎంపిక కలిసి తయారుచేసేది. రోమా కుటుంబాలు ఊరికి ఒక అంచున ఉంటాయి, ఆ అంచున ఉన్న బడిలో వారి పిల్లలు ఎక్కువవుతారు, ఒక స్థాయి దాటాక మిగతా తల్లిదండ్రులు తమకున్న ఎంపిక హక్కును వాడుకుని పిల్లలను పక్క బడికి మార్చుకుంటారు. హంగేరీలో ఈ స్వేచ్ఛ చట్టం ఇచ్చినదే. అనుభవం ఉన్న ఉపాధ్యాయులు కూడా వారి వెంటే వెళ్లిపోతారు. ఎవరినీ ఎవరూ గెంటలేదు, అయినా కొన్నేళ్లలో ఆ బడి రోమా బడిగా పేరుపడుతుంది. వెళ్లిపోయే స్వేచ్ఛ ఉన్న దేశంలో రోమా పిల్లవాడు వెళ్లాలనుకున్నప్పుడు ఏమవుతుందో పిలిష్చాబా పట్టణపు కేసు చూపించింది. దాదాపు అందరూ రోమా పిల్లలే ఉన్న బడి నుంచి పక్క ఊరి బడికి మార్చమని ఆ విద్యార్థి అడిగితే, నీ నివాసం ఆ బడి పరిధిలో లేదని కాదన్నారు. 2023 మార్చి 30న స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం హంగేరీని తప్పుపడుతూ, పాఠశాలల్లో వేర్పాటును తొలగించే విధానం రూపొందించాలని సూచించింది.

అదే దేశంలోని గ్యోంగ్యోష్‌పాతా గ్రామంలో ఒకే భవనంలో రోమా పిల్లలు కింది అంతస్తులో, మిగతావారు పై అంతస్తులో చదివారు. 2020 మేలో హంగేరీ అత్యున్నత న్యాయస్థానం సుమారు 60 మందికి మొత్తం 9.9 కోట్ల ఫోరింట్ల పరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది. అప్పటి ప్రధానమంత్రి విక్టర్ ఓర్బాన్ తీర్పుకు ముందే ఈ పరిహారాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు, పని చేయకుండా డబ్బు వస్తోందన్న భావన జనంలోకి వెళ్లింది. ఆ వేసవిలోనే పార్లమెంటు చట్టం మార్చి, ఇకముందు ఇటువంటి నష్టానికి డబ్బు రూపంలో కాక చదువు, శిక్షణ రూపంలోనే పరిహారం ఉండాలన్నది. చదువును పాడుచేసిన వ్యవస్థే ఆ చదువును పరిహారంగా ఇవ్వచూపడంలోని అన్యాయం ఆ కుటుంబాలకు వివరించనక్కర్లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న నిజాయితీగా ఎదుర్కోవాలి. రోమా పిల్లలే ఎక్కువగా ఉండే ప్రతి బడీ చెడ్డదేనా? హంగేరీలోని పేచ్ నగరంలో 1994లో రోమా యువత కోసం ఒక సెకండరీ పాఠశాల మొదలైంది, దానికి మహాత్మా గాంధీ పేరు పెట్టుకున్నారు. రోమానీతో పాటు రోమాలోని ఒక వర్గం మాట్లాడే బెయాష్ భాషను నేర్పుతూ, విశ్వవిద్యాలయానికి దారితీసే పరీక్షకు పిల్లలను సిద్ధం చేయడం దాని ఉద్దేశం. ఈశాన్య హంగేరీలోని షాయోకాజా గ్రామంలో 2007లో ఏర్పడిన మరో పాఠశాల పేరు డాక్టర్ అంబేద్కర్ పాఠశాల. అంబేద్కర్ జీవితాన్ని చదివి, తమ బతుకుకూ భారతదేశంలోని దళితుల బతుకుకూ ఉన్న పోలికను గుర్తించి, ఆయన బాటలో బౌద్ధం స్వీకరించిన రోమా సమూహం దాన్ని నడిపింది. బడి మధ్యలో ఆగిపోయిన యువతీయువకులు అక్కడ మళ్లీ చదువు అందుకున్నారు. ఈ బడులకూ ఒస్ట్రావా బడికీ తేడా విద్యార్థుల జాతిలో లేదు. ఇక్కడికి వచ్చినవారు కోరి వచ్చారు, మామూలు బడులతో సమానమైన పాఠ్యక్రమం చదువుతున్నారు, చివర చేతికి వచ్చే పత్రం దేశమంతా చెల్లుతుంది. ఒస్ట్రావాలో ఈ మూడూ లేవు. అయినా ఇటువంటి బడులను చూపించి, చూశారా వాళ్లకు వాళ్లు ఉండటమే ఇష్టం అని వాదించేవారు ఉన్నారు. మామూలు బడి తలుపు నిజంగా తెరిచి ఉన్నప్పుడే ఆ వాదనను పట్టించుకోవచ్చు.

తలుపు తెరవడానికి ఏం చేయాలో తెలియక ఆగిన పని కాదిది. బల్గేరియాలో డాన్యూబ్ ఒడ్డున ఉన్న విదిన్ పట్టణంలో 2000లో ద్రోమ్ అనే రోమా సంస్థ, నోవ్ పత్ అనే వాడ నుంచి పిల్లలను బస్సుల్లో పట్టణంలోని మామూలు బడులకు పంపడం మొదలుపెట్టింది. ద్రోమ్ అంటే రోమానీలో దారి, నోవ్ పత్ అంటే బల్గేరియన్‌లో కొత్త దారి. బస్సు ఒక్కటే పెట్టి ఊరుకుంటే ఆ ప్రయత్నం వారంలో కూలిపోయేది. పిల్లలతో పాటు బస్సులో పెద్దవాళ్లు వెళ్లారు, బడిలో ఎవరైనా అవమానిస్తే అడగడానికి ఒక మనిషి ఉన్నారు, వెనుకబడిన పాఠాలకు అదనపు తరగతులు పెట్టారు, బూట్లు, బట్టలు, పుస్తకాలు లేనివారికి ఇచ్చారు, ఇరువైపుల తల్లిదండ్రులతో మాట్లాడారు. మోంటానా, ప్లెవెన్, స్లివెన్, హాస్కోవో వంటి పట్టణాలకు ఆ పద్ధతి పాకింది. దాని బలహీనత దాని నిధుల్లో ఉంది: స్వచ్ఛంద సంస్థలు, విదేశీ దాతలు ఇచ్చిన డబ్బుతో నడిచిన పనిని ప్రభుత్వం తన పనిగా పూర్తిగా భుజానికెత్తుకోలేదు.

రుమేనియాలో రోమా సమూహం నుంచే వచ్చిన పాఠశాల మధ్యవర్తులు ఇంటింటికీ తిరిగి పిల్లలను బడికి చేర్చే పని చేస్తున్నారు. 1990ల తొలినాళ్ల నుంచి అక్కడి విశ్వవిద్యాలయాల్లో రోమా విద్యార్థులకు ప్రత్యేకంగా సీట్లు కేటాయిస్తున్నారు. చెక్ దేశం 2016 సెప్టెంబరు నుంచి మామూలు బడిలోనే సహాయక ఉపాధ్యాయులకు, ప్రత్యేక తోడ్పాటుకు ప్రభుత్వ ఖర్చుతో హక్కు కల్పించింది, 2017 నుంచి ప్రాథమిక పాఠశాలకు ముందు ఒక సంవత్సరం కిండర్‌గార్టెన్‌ను తప్పనిసరి చేసింది. స్లొవాకియా 2021లో అదే బాట పట్టింది. ఒస్ట్రావా పరీక్ష గదిలో రంగు పెన్సిలు మొదటిసారి పట్టుకున్న పిల్లకు ఈ ఒక్క సంవత్సరమే ఎంతో తేడా చేసేది.

అయినా మొత్తం లెక్క ఎటు పోతోందో చూస్తే దిగులు కలుగుతుంది. యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ పది దేశాల్లో జరిపి 2022లో ప్రకటించిన సర్వే ప్రకారం, 6 నుంచి 15 ఏళ్ల రోమా పిల్లల్లో 52 శాతం మంది అందరూ లేదా అత్యధికులు రోమా పిల్లలే ఉన్న బడుల్లో చదువుతున్నారు. 2016లో ఇది 44 శాతం. ఇన్ని తీర్పుల తర్వాత వేర్పాటు తగ్గకపోగా పెరిగింది. కిండర్‌గార్టెన్ వయసు పిల్లల్లో బడికి వెళ్లేవారు రోమా కుటుంబాల్లో 44 శాతం, మొత్తం జనాభాలో 90 శాతం పైచిలుకు. 2014, 2015, 2016 సంవత్సరాల్లో వరుసగా చెక్, స్లొవాకియా, హంగేరీ దేశాల మీద యూరోపియన్ యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్, జాతి వివక్షను నిషేధించే యూనియన్ చట్టమైన జాతి సమానత్వ ఆదేశాన్ని ఉల్లంఘించినందుకు చర్యలు మొదలుపెట్టింది. స్లొవాకియాను 2023 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానానికి లాగడానికి ఎనిమిదేళ్లు పట్టింది, అంటే ఒక పిల్లవాడి మొత్తం ప్రాథమిక చదువు అంత కాలం.

2020 అక్టోబరులో కమిషన్ ప్రకటించిన పదేళ్ల ప్రణాళిక, 2030 నాటికి వేర్పాటు బడుల్లో చదివే రోమా పిల్లలు ఐదుగురిలో ఒకరి కన్నా తక్కువగా ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ ప్రణాళిక వెలువడిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్ల, లక్ష్యం తుచ తప్పకుండా నెరవేరినా, ఆ నాటికి పదహారేళ్లది అవుతుంది. ఒస్ట్రావా పద్దెనిమిది మందిలో అందరికన్నా చిన్నవారికి తీర్పు వినే వేళకు ఉన్న వయసు అదే.